బండి ఇంకా రాలేదు, డబ్బులు మాత్రం అడుగుతూనే ఉన్నాడు

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో చదువుతున్నాడు. కాలేజీకి వెళ్లిరావడానికని పాత వస్తువులమ్మే యాప్‌లో 28 వేలకి ఒక స్కూటీ చూశాం. అమ్మే అతను మిలిటరీలో ఉన్నానని, శంషాబాద్ ఎయిర్‌పోర్టులో డ్యూటీ అని, బదిలీ అయింది కాబట్టి తక్కువకి ఇచ్చేస్తున్నానని చెప్పాడు. ఐడీ కార్డు, ఆర్‌సీ ఫొటోలు పంపాడు. ఆర్మీ వ్యాన్‌లో ఇంటికే పంపిస్తానంటే రవాణాకి 3,150 కట్టాం. తర్వాత జీపీఎస్ డిపాజిట్ అని 7,500 తీసుకున్నాడు. ఇప్పుడు ఇంకో 9 వేలు కడితేనే బండి గేటు దాటుతుందట, లేకపోతే ముందు కట్టినవి కూడా పోతాయట. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఇంక ఒక్క రూపాయి కూడా పంపకండమ్మా. ఈ 9 వేలు కట్టినా రేపు ఇన్సూరెన్స్ అనో, లేట్ ఫీజు అనో మళ్లీ అడుగుతాడు, మీరు ఆపేదాకా అడుగుతూనే ఉంటాడు. పత్రిక అచ్చయ్యేదాకా ఆగితే ఆలస్యమవుతుందని మీకు ఫోన్‌లో చెప్పిన మాటే ఇక్కడా రాస్తున్నాను: ముందు 1930కి ఫోన్ చేయండి. అది దేశమంతటికీ ఒకటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్. డబ్బు పంపిన టైము, మొత్తం, యూపీఐ లావాదేవీ నంబర్ దగ్గర పెట్టుకుని చెప్పండి. ఆ డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉంటే ఆపగలుగుతారు. వాళ్లు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి మార్చుకుంటూ గబగబా డ్రా చేసేస్తారు కాబట్టి ప్రతి గంటా ముఖ్యమే, మొహమాటంతో రెండు రోజులు ఆగితే మాత్రం దొరకడం చాలా కష్టం. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు పెట్టి, ఆ నంబర్ తీసుకుని స్టేషన్‌కి వెళ్లండి. చాటింగ్ డిలీట్ చేయొద్దు, అదే మీ సాక్ష్యం. బ్యాంకుకీ చెప్పండి, కాకపోతే మీరే పిన్ కొట్టి పంపారు కాబట్టి వాళ్లంతట వాళ్లు తిరిగిస్తారని ఆశ పెట్టుకోకండి. ఆపిన డబ్బు మీ చేతికి రావాలంటే కొంచెం తిరగాల్సి వస్తుంది.

ఆర్‌సీ ఫొటో చూసి నమ్మామన్నారు. అందులో మీ తప్పేం లేదు, ఎందుకంటే చాలాసార్లు ఆ ఆర్‌సీ నిజమైనదే, బండీ నిజమైనదే, కానీ వేరే ఎవరిదో. ఎవరో పెట్టిన ప్రకటనలోంచి ఫొటోలు తీసుకుంటారు. ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో బండి నంబర్ కొడితే మోడల్, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ ఉందో లేదో తెలుస్తుంది, కానీ ఆ బండి ఇతని దగ్గరే ఉందని ఆ యాప్ ఎలా చెబుతుంది? ఐడీ కార్డూ అంతే. ఇంతకుముందు మోసపోయినవాళ్లు నమ్మకం కోసం పంపిన ఆధార్ కార్డుల్ని కూడా తర్వాతివాళ్లకి తమవిగా చూపిస్తారు, మీరూ మీ ఆధార్ పంపి ఉంటే ఫిర్యాదులో ఆ సంగతి తప్పకుండా రాయించండి. ఇక ఆర్మీ వ్యాన్ మాట. అమ్ముకున్న స్కూటీలు ఇళ్లకి చేర్చే పార్శిల్ సర్వీసు సైన్యానికి లేదు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో భద్రత చూసేది సీఐఎస్ఎఫ్ అనే కేంద్ర బలగం, ఆర్మీ కాదు. సైనికుల మీద మనకున్న గౌరవాన్ని వాడుకుని ఇలా దోచుకోవడం చూస్తే కడుపు మండిపోతుంది.

ఇంకో సంగతి. పోయిన డబ్బు రప్పిస్తాం, ఫీజు కట్టండి అని కొన్నాళ్లకి ఎవరో ఫోన్ చేయొచ్చు, పోలీసు పేరు కూడా చెప్పుకోవచ్చు. అదీ మోసమే. రీఫండ్ కోసం క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నా చేయకండి, డబ్బు మనకి రావడానికి పిన్ కొట్టాల్సిన పనే ఉండదు.

మళ్లీ బండి చూసేటప్పుడు, అబ్బాయి హైదరాబాద్‌లోనే ఉన్నాడు కాబట్టి, స్నేహితుణ్ని తోడు తీసుకుని పగటిపూట వెళ్లి నడిపి చూడమనండి. ఛాసిస్ నంబర్ ఆర్‌సీతో సరిపోవాలి, ఓనరే ఎదురుగా ఉండి బండిని మీ పేరు మీదకి మార్చే ఫారం 29, 30 మీద సంతకం పెట్టాలి, ఫైనాన్స్ ఉంటే అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ చూపించాలి. అప్పుడు డబ్బివ్వొచ్చు, అంతకుముందు టీ ఖర్చులు కూడా ఇవ్వక్కర్లేదు.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ ఫోన్‌కి 500 టోకెన్ అడ్వాన్స్ వేస్తేనే నా కోసం ఆపుతానంటున్నాడు. ఇంకా చాలామంది అడుగుతున్నారట. వేయనా?
– ఒక డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: వేయొద్దు బాబూ. పోతే ఆ ఫోన్ పోనీ, ఇంకోటి దొరుకుతుంది. ఎదురుగా కలిసినప్పుడు దాంట్లో *#06# కొట్టి ఐఎంఈఐ నంబర్, అంటే ఆ ఫోన్‌కి ఉండే గుర్తింపు నంబర్, చూడు. మెసేజ్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని రాసి, స్పేస్ ఇచ్చి, ఆ 15 అంకెలు కొట్టి 14422కి పంపు. బ్లాక్‌లిస్ట్ అనో, డూప్లికేట్ అనో జవాబొస్తే ఎంత చవకగా ఇస్తానన్నా తీసుకోకు, అది దొంగిలించిన ఫోన్ కావచ్చు. పాత బిల్లు అడుగు, అతని గూగుల్ లేదా ఆపిల్ అకౌంట్ నీ ముందే లాగౌట్ చేయించు, ఆ తర్వాతే డబ్బు.