డిక్కీ గ్లాసు మార్పించేటప్పుడు గ్లాసు రేటు కన్నా అతికించే పని చూసుకోండి

అపార్ట్‌మెంట్‌లో గడ్డి కోసే మెషిన్ నుంచి రాయి ఎగిరొచ్చి మీ మారుతీ బ్రెజా కారు వెనక గ్లాసు మొత్తం రాలిపోయిందన్నారు. షోరూంలో పార్టు రావడానికి రెండు రోజులు పడుతుందంటున్నారు, బయట షాపువాళ్లు గంటలో బిగించి పంపిస్తామంటున్నారు. ఎటు వెళ్లాలి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టాలా, ఈలోగా బండి నడపొచ్చా అన్నది మీ ప్రశ్న.

నాదీ బ్రెజానే, పాత డీజిల్ జెడ్‌డీఐ. వీధిలో పిల్లలు ఆడుకుంటుంటే కార్క్ బంతి తగిలి ఇదే గ్లాసు పోయింది. విజయవాడ ఆటోనగర్‌లో మార్పించాను. అంతకుముందు మా బావమరిది హ్యుందాయ్ వెన్యూ కారుకి వేరే ఊళ్లో ఇదే పని చేయించి ఎంత అవస్థ పడ్డాడో దగ్గరుండి చూశాను. అందుకే నిక్కచ్చిగా చెప్తున్నాను. షోరూమా, బయట షాపా అన్నది రెండో సంగతి. పాత గమ్ము ఎలా తీస్తారు, గమ్ము గట్టిగా పట్టడానికి ముందు పూసే ప్రైమర్ వేస్తారా, ఆరేదాకా బండి కదలనిస్తారా అన్నదే అసలు సంగతి. ఈ మూడూ సరిగ్గా చేసేవాళ్లు బయట ఉంటే బయటే చేయించుకోండి. కానీ గ్లాసు ముక్కలు ఏరడం దగ్గర్నుంచి తాళాలు చేతికివ్వడం దాకా అంతా గంటలో అంటున్నారంటే, ఈ పనుల్లో ఏదో ఒకటి వదిలేస్తున్నారనే అర్థం. నేనైతే ఆ రెండు రోజులూ ఆగుతాను.

ముందు అద్దంలా దీన్ని రిపేరు చేయించడం కుదరదా అని చాలామంది అడుగుతారు. కుదరదు. ముందు అద్దం లామినేటెడ్, అంటే రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది. రాయి తగిలితే అక్కడే చిన్న మచ్చో గీతో పడుతుంది, చిన్నదైతే రెజిన్ నింపి ఆపొచ్చు. వెనకది టఫెన్డ్ గ్లాసు. బాగా కాల్చి, గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. దాంతో పైపొర ఒత్తిడిలో, లోపలి భాగం లాగుడులో ఉండిపోతాయి. ఆ పైపొర ఎక్కడ తెగినా బిగువంతా ఒకేసారి విడిపోయి గ్లాసు మొత్తం కలకండ పలుకుల్లా రాలిపోతుంది. మనుషులు పెద్ద పెంకులతో కోసుకుపోకుండా ఉండటానికే అలా తయారు చేస్తారు. అందుకే అంచున చిన్న దెబ్బ తగిలినా చాలు. డిక్కీ నిండా సామాను కుక్కి గట్టిగా మూస్తే, పెట్టె మూల గ్లాసుకి తగిలి పగిలిన బళ్లు కూడా ఆటోనగర్‌లో కనిపిస్తాయి.

ఈలోగా ఏం చేయాలో చెప్తాను. ముందు ఫొటోలు తీయండి, బండి నంబరు కనబడేట్టు, పగిలిన అంచులు కనబడేట్టు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టే ఆలోచన ఏమాత్రం ఉన్నా ముక్కలు తీయకముందే తీయాలి. తర్వాత చేతికి మందపాటి గ్లౌజులు, కాళ్లకు బూట్లు వేసుకుని ఫ్రేముకి వేలాడుతున్న ముక్కల్ని లోపలికి కాకుండా బయటికి రాల్చండి. ముక్కలు సీటు మీద కనిపించేవే కాదు, స్టెప్నీ గుంటలో, సీటు పట్టాల్లో, బెల్టు బకిల్స్ సందుల్లో, ముఖ్యంగా డిక్కీ డోర్ లోపలి ప్లాస్టిక్ ట్రిమ్ వెనక పడతాయి. ఆ ట్రిమ్ విప్పకుండా పైపైన వ్యాక్యూమ్ పెట్టి వదిలేస్తే, డోర్ తీసిన ప్రతిసారీ గలగల మంటూనే ఉంటుంది. పిల్లలు కూర్చునే బండి అయితే వెనక సీటు మడిచి, సందుల్లో వేలు పెట్టకుండా సన్న నాజిల్‌తో పీల్చండి.

ఖాళీని మందపాటి ప్లాస్టిక్ షీటుతో మూసేయండి. పెయింటు మీద బ్రౌన్ ప్యాకింగ్ టేపు అంటించొద్దు, ఎండకి దాని జిగురు కరిగి పట్టేస్తుంది. పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు చాలు. ఇక నడపడం గురించి. వీలైతే తీయకండి. షాపుకి తీసుకెళ్లక తప్పదంటే దగ్గర దూరం, నెమ్మదిగా మాత్రమే. వెనక భాగం తెరిచి ఉంటే కారు ముందుకి వెళ్తున్నప్పుడు వెనకాల గాలి సుడి తిరిగి, సైలెన్సర్ పొగని బండి లోపలికి లాగుతుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తల బరువెక్కేదాకా తెలియదు. డోర్ల అద్దాలన్నీ మూసి, ఏసీని బయటి గాలి మోడ్‌లో పెట్టి, బ్లోయర్ ఎక్కువగా తిప్పుకుని వెళ్లండి. పిల్లల్ని వెనక కూర్చోబెట్టొద్దు. ఈ ఒక్క మాట దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

మా బావమరిది సంగతి ఎందుకు ఎత్తానంటే, వాడికీ గంటలో వేసి పంపించారు. చూడ్డానికి గ్లాసు చక్కగానే కూర్చుంది. మొదటి వానకి ఏమీ తెలియలేదు. కొన్నాళ్లకి బండిలో ముక్కిన వాసన మొదలైంది. ఏసీ సర్వీసింగ్ చేయించాడు, మ్యాట్లు ఆరబెట్టాడు, లాభం లేదు. చివరికి స్టెప్నీ ఎత్తి చూస్తే కింద నీళ్లు నిలిచి ఉన్నాయి, జాకీ తుప్పు పట్టింది. గ్లాసు తీయించి చూస్తే కథ తెలిసింది. పాత గమ్ము సరిగ్గా కోయకుండా, దాని మీద అంటుకున్న గాజు పలుకులతో సహా, కొత్త గమ్ము రాసేశారు. ఒక మూల అయితే కారు గ్లాసులకి వాడాల్సిన పాలీయురెథేన్ గమ్ము కూడా కాదు, బాత్రూం టైల్స్‌కి వాడే సిలికాన్ పూసి సరిపెట్టారు. సిలికాన్ పూసిన చోట తర్వాత అసలు గమ్ము కూడా పట్టదు, ఆ పొర పూర్తిగా గీకేయాలి. గ్లాసు డబ్బులు, పని డబ్బులు మళ్లీ పెట్టుకోవాల్సొచ్చింది.

దానికీ, ఆటోనగర్‌లో నా బండికి చేసిన పనికీ పోలికే లేదు. అక్కడి మేస్త్రీ ముందు గ్లాసు పైనున్న స్పాయిలర్ (రెక్కలాంటి ప్లాస్టిక్ భాగం), వైపర్ చెయ్యి, లోపలి ట్రిమ్ విప్పించి పక్కన పెట్టించాడు. వాష్ బేసిన్ దగ్గర కూర్చుని గడ్డం గీసుకునేంత ఓపిగ్గా, పొడవాటి కత్తితో పాత గమ్ముని చుట్టూ కోసుకుంటూ వచ్చాడు. మొత్తం రేకు దాకా తీసేయలేదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల పొర నున్నగా వదిలాడు. ఎందుకన్నా అంటే, కంపెనీలో రేకుకి పట్టిన ఆ పొర కన్నా గట్టి పునాది మనం వేయలేం, కొత్తది దాని మీదే బాగా పడుతుందన్నాడు. కత్తి జారి రేకు మీద రెండు చోట్ల గీత పడితే అక్కడ ప్రైమర్ అద్ది ఆరనిచ్చాడు. అలా వదిలేస్తే గమ్ము కిందే తుప్పు మొదలై, కొన్నేళ్లకి గ్లాసు పట్టు వదిలేస్తుంది. కొత్త గ్లాసుని ముందు గమ్ము లేకుండా ఊరికే పెట్టి, నాలుగు వైపులా సందు సమానంగా ఉందో లేదో చూసి, టేపు ముక్కలతో గుర్తులు పెట్టుకున్నాడు. గ్లాసు అంచున నల్ల పట్టీ ఉంటుంది చూడండి, అది అందానికి మాత్రమే కాదు, లోపలున్న గమ్ముని ఎండ కొట్టి పాడుచేయకుండా కాపాడేదే అది. దాని మీద క్లీనర్‌తో ఒక్క దిక్కుగా తుడిచి, బ్లాక్ ప్రైమర్ రాసి, అది ఆరాకే గమ్ము గన్ పట్టుకున్నాడు. నాజిల్ కొసని వి ఆకారంలో కోసి, ఎక్కడా తెగకుండా ఒకే ధారగా చుట్టూ తిప్పాడు. ఇద్దరు సక్షన్ కప్పులతో ఎత్తి, గుర్తుల దగ్గర ఆనించి, అరచేత్తో ఒత్తుకుంటూ వచ్చారు.

మీరు వెళ్లిన చోట ట్యూబు అడిగి చూడండి. దాని మీద పాలీయురెథేన్ అని, ఎక్స్‌పైరీ తేదీ ఉంటాయి. ఎంతసేపటికి బండి నడపొచ్చో కూడా అడగండి. గంటలో నడపగలిగే రకాలు లేకపోలేదు, కానీ ఆ గంట గ్లాసు అతికించాక మొదలవుతుంది. మామూలు రకాలకి అంతకన్నా చాలా ఎక్కువ సేపు కావాలి. ఇది గాలిలో తేమతో గట్టిపడే గమ్ము, హెయిర్ డ్రైయరో ఎండో పెట్టి తొందరపెడితే లాభం లేదు. ట్యూబు చూపించడానికి మొహమాటపడే షాపులో బండి పెట్టొద్దు.

గ్లాసు విషయానికొస్తే, మీ వేరియంట్ ఏదో ఆర్‌సీ పట్టుకెళ్లి చూపించండి. డీఫాగర్ గీతలు (వేడెక్కి గ్లాసు మీది తేమని ఆరబెట్టే సన్న గీతలు) ఉన్నది, లేనిది వేరువేరు పార్టులు. బయట కొనేటప్పుడు గ్లాసు మూలన ముద్రించిన గుర్తులు చదవండి. ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 2553 అన్న నంబరు, తయారీదారు పేరు ఉండాలి. మన దేశంలో కార్ల కంపెనీలకి గ్లాసు ఎక్కువగా అసాహీ ఇండియా, సెయింట్ గోబైన్ సెక్యూరిట్ వాళ్లే ఇస్తారు. అదే తయారీదారు గ్లాసు బయట దొరికితే కారు కంపెనీ లోగో లేకపోయినా పర్వాలేదు. డీఫాగర్‌కి రెండు పక్కలా టంకం వేసిన చిన్న రేకు ముక్కలుంటాయి, వైరు గట్టిగా లాగితే ఊడొస్తాయి. అతికించకముందే మల్టీమీటర్ పెట్టి గీతల్లో కరెంటు పారుతుందో లేదో చూడమనండి. అతికించాక తెలిస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది లెక్క వేసుకోకుండా క్లెయిమ్ పెట్టేస్తారు. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే దీనికి రాదు. ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగిన నష్టానికి కవర్ ఉంటే వస్తుంది, గాజుకి తరుగుదల కోత కూడా ఉండదు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకి మాత్రం జీరో డెప్ (తరుగుదల కోయకుండా ఇచ్చే యాడ్ ఆన్) లేకపోతే 50 శాతం కోస్తారు. 1500 సీసీ లోపు కారుకి తప్పనిసరిగా మనం పెట్టుకునేది 1000 రూపాయలు. ఇంతవరకు చూస్తే లాభమే అనిపిస్తుంది. కానీ ఒక్క క్లెయిమ్‌తో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మొత్తం సున్నా అవుతుంది. అది మళ్లీ 20, 25, 35, 45, 50 శాతం చొప్పున ఏడాదికో మెట్టు ఎక్కాలి. మీరు ఇప్పటికే 50 శాతంలో ఉన్నారనుకోండి. వచ్చే ఏడాది 50, ఆ తర్వాత 30, 25, 15, 5, మొత్తం కలిపితే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 125 శాతం పోగొట్టుకున్నట్టు. బోనస్ తీయకముందు ఆ ప్రీమియం ఏడాదికి 8000 అనుకుంటే, అది దాదాపు 10,000 రూపాయలు. బండి విలువ తగ్గేకొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి కొంచెం తక్కువే పడొచ్చు. క్లెయిమ్ పెట్టినా బోనస్ పోకుండా చూసే బోనస్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ఉంటే వేరే సంగతి, దాని షరతులు చదివి హాయిగా క్లెయిమ్ పెట్టుకోండి. లేకపోతే షాపు ఎస్టిమేట్ పక్కన ఈ లెక్క పెట్టి చూడండి. నేను నా జేబులోంచే పెట్టుకున్నాను. మీ విషయంలో రాయి ఎగిరింది అపార్ట్‌మెంట్ పనిలో కాబట్టి, ముందు అసోసియేషన్‌ని అడగడంలో తప్పేమీ లేదు. క్లెయిమ్ పెట్టాలనుకుంటే మాత్రం పని మొదలుపెట్టకముందే కంపెనీకి చెప్పాలి.

బండి తెచ్చుకున్నాక మొదటి రోజు నాలుగు డోర్ల అద్దాల్లో ఒకటి కొద్దిగా దించి ఉంచండి. అన్నీ మూసి డోర్ దబాలున వేస్తే లోపలి గాలి ఒత్తిడి నేరుగా పచ్చి గమ్ము మీద పడుతుంది. గ్లాసు మీద అంటించిన టేపులు షాపువాళ్లు చెప్పినంతసేపు తీయొద్దు. ప్రెషర్ వాష్ ఒకట్రెండు రోజులు వద్దు. గమ్ము బాగా ఆరాక ఒకరిని లోపల టార్చ్‌తో కూర్చోబెట్టి, మామూలు పైపుతో కింద నుంచి పైకి నెమ్మదిగా నీళ్లు పట్టండి. ముందే పైన పోస్తే ఏ మూల నుంచి కారుతుందో తెలియదు. వైపర్, వాషర్, పైనున్న బ్రేక్ లైటు, డిక్కీ తాళం, కెమెరా అన్నీ షాపులోనే చూసుకోండి, స్పాయిలర్ విప్పినప్పుడు వాటి కనెక్టర్లు పెట్టడం మర్చిపోయే అవకాశం ఎక్కువ. డీఫాగర్‌కి తడిగుడ్డతో లోపల తుడిచి స్విచ్ వేయండి, గీతల వెంబడి తేమ ముందుగా ఆరిపోతూ కనబడాలి. ఒక గీత దగ్గర ఆరకపోతే అది తెగినట్టే.

కొత్త గ్లాసు కదా అని షాపువాళ్లు నల్ల ఫిల్మ్ కూడా వేస్తామంటారు. మోటారు వాహనాల నిబంధన 100 ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం వెలుతురు రావాలి, పక్క అద్దాలకి 50 శాతం. ముదురు ఫిల్మ్ ఆ లెక్కకి రాదు. పైగా తర్వాతెప్పుడో దాన్ని పీకేటప్పుడు డీఫాగర్ గీతలు కూడా ఊడొచ్చే ప్రమాదం ఉంది. ఫిల్మ్ లేకుండానే ఉంచండి, లోపల తుడిచేటప్పుడు గీతలకి అడ్డంగా కాకుండా గీతల వెంబడే మెత్తటి గుడ్డతో తుడవండి.