టోటెమ్ పోల్స్‌కి పూజ చేస్తారా? మా అమ్మ మాత్రం చేసింది

కెనడా ఆదివాసులు టోటెమ్ పోల్స్‌ని, అంటే బొమ్మలు చెక్కి నిలబెట్టే పొడుగాటి చెక్క స్తంభాల్ని, దేవుళ్లుగా కొలుస్తారా అని అడిగారు. కొలవరు. మా అమ్మకీ ఇదే అనుమానం వచ్చింది కానీ ఆవిడ ఎవర్నీ అడగలేదు. స్టాన్లీ పార్క్‌లో వాటిని చూడగానే చెప్పులు విడిచి దణ్ణం పెట్టేసింది. "ఇన్ని ధ్వజస్తంభాలున్నాయి, గుడేదిరా?" అంది.

నేనుండేది వాంకూవర్‌లో. ఆ వారమే ఆవిణ్ణి హైడా అనే ఆదివాసీ తెగకి చెందిన ఒక శిల్పి పనిచేసే షెడ్డుకి తీసుకెళ్లాను. రెడ్ సీడర్ దుంగ, కొత్త పెన్సిల్ చెక్కినప్పటి వాసన. ఆయన చేతిలోది చూసి అమ్మ "బాడిస!" అంది. నిజంగా బాడిసే, పిడి తీరే వేరు. దెబ్బకో పెచ్చు లేస్తుంటే చెక్క మీద చేప పొలుసుల్లా గాట్లు పడుతున్నాయి.

ఇది ఏ దేవుడని నాచేత అడిగించింది. "దేవుడు కాదు, మా అమ్మ వాళ్ల వంశం" అన్నాడాయన. హైడాల్లో రేవెన్, ఈగిల్ అని రెండు శాఖలు. ఎవరి శాఖైనా తల్లి నుంచే వస్తుంది. ఒకే శాఖలో పెళ్లి కుదరదు. నేనింకా తెలుగులో చెబుతూనే ఉన్నాను, ఆవిడ "సగోత్రం" అని తేల్చేసింది. తల్లి వైపు గోత్రం అన్నది ఎంత నచ్చిందంటే, ఆ రాత్రే నాన్నకి ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఒక కుటుంబం గుర్తుని, దాని కథని ఇంకొకరు వాడుకోకూడదు. స్తంభం నిలబెట్టిన రోజు పాట్‌లాచ్ అని విందు చేసి, వచ్చినవాళ్లకి కానుకలిస్తారు, వాళ్లు సాక్షులు కాబట్టి. మన పెళ్లిళ్లలో ఇచ్చే ప్లాస్టిక్ డబ్బాకి ఏం అర్థముంది? మూత కూడా పట్టదు. నా లెక్కలో పాట్‌లాచ్ అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసే. దాన్ని కెనడా ప్రభుత్వం 1885 నుంచి 1951 దాకా నేరం చేసింది. ఆ రోజుల్లోనే స్తంభాలు మ్యూజియాలకి తరలిపోయాయి. 1929లో నిస్గా అనే ఇంకో తెగ వాళ్ల ఊరినుంచి పోయిన ఒకటి స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా మ్యూజియం నుంచి ఇల్లు చేరేసరికి 2023.

ఇంకో మంట. మా ఆఫీసులో చిన్న ఉద్యోగిని 'టోటెమ్ పోల్‌లో అట్టడుగువాడు' అంటారు. అడుగు బొమ్మే జనం కళ్లకి దగ్గర, చాలాసార్లు దాన్ని చెక్కేది పెద్ద శిల్పే. మా మేనేజర్‌కి చెప్పాను, వింటేగా.

వచ్చేటప్పుడు అమ్మ ఓ పెచ్చు అడిగి తెచ్చుకుంది. ఇప్పుడది గుంటూరులో మా దేవుడి గూట్లో ఉంది. దేవుడు కాదని ఆయన చెప్పాడు కదమ్మా అంటే, "తెలుసులేరా, వాసనకి పెట్టాను" అంటుంది.