రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లకి కూడా 5,000 మీటర్ల ఎత్తులో ప్రాణాపాయం ఉంటుందా?

మీరు అడిగింది ఇది: నేపాల్‌లో అన్నపూర్ణ కొండల చుట్టూ తిరిగే అన్నపూర్ణ సర్క్యూట్ ట్రెక్ పన్నెండు రోజుల్లో చేసి, ఆ దారిలో అన్నిటికంటే ఎత్తైన థోరంగ్ లా పాస్ (కనుమ) దాటాలనుకుంటున్నారు. రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తే అలవాటుంది. అయినా ప్రమాదం ఉంటుందా, ఉంటే దేనికి భయపడాలి?

ఉంటుంది. పరుగు అలవాటు దాన్ని ఆపదు. నాకైతే ఆ అలవాటే కొంప ముంచబోయింది.

మేము నలుగురం వెళ్లాం. దారిలో కొండచరియలు విరిగిపడి రోడ్డు మూసేశారు, ఒక రోజంతా జీపులోనే గడిచిపోయింది. తిరుగు ప్రయాణం టికెట్లు ముందే కొనుక్కున్నాం కాబట్టి, పోయిన రోజుని ఎక్కడో ఒకచోట పూడ్చుకోవాలి. మనాంగ్ అనే ఊరు 3,540 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ రెండు రాత్రులు ఆగి, ఒంటిని ఎత్తుకి అలవాటు చేసుకుని కదలడం ఆ దారిలో అందరూ చేసే పని. మేము ఒక్క రాత్రే ఉన్నాం. "ఊరికే కూర్చోవడానికి ఒక రోజు దండగ" అన్నది నేనే.

మర్నాడు యాక్ ఖర్కా, సుమారు 4,050 మీటర్లు. సాయంత్రానికి తలంతా బిగదీసినట్టు నొప్పి, తిండి చూస్తే వికారం. ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతాను? నలుగురిలో ముందు నడిచింది నేను, వెనకబడ్డవాళ్లని ఆటపట్టించిందీ నేనే. పారాసిటమాల్ మింగి పడుకున్నాను. రాత్రంతా ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేవడమే. (ఎత్తులో నిద్రపోయేటప్పుడు ఊపిరి కాసేపు వేగంగా, కాసేపు ఆగినట్టుగా సాగడం చాలామందికి జరుగుతుంది. అదొక్కటే ఉంటే కంగారు పడక్కర్లేదు. నాకు అదొక్కటే లేదు.) పొద్దునకి తలనొప్పి తగ్గిందని నాకు నేనే చెప్పుకుని బయల్దేరాను.

సుమారు 4,500 మీటర్ల దగ్గరున్న థోరంగ్ ఫేదీ చేరేసరికి గైడ్ నన్నే గమనిస్తున్నాడు. ఊడిన బూటు లేసు కట్టుకోబోయి మూడుసార్లు వదిలేశానట, నాకు గుర్తులేదు. వాకిట్లో రాళ్ల మధ్య ఒక గీత చూపించి, ఒక పాదం మడమని రెండో పాదం వేళ్లకి ఆనిస్తూ పది అడుగులు వెయ్యమన్నాడు. నాలుగో అడుగుకే పక్కకి తూలాను. "అలసట అంతే" అని నవ్వాను. అతను నవ్వలేదు. నా బ్యాగు తను తగిలించుకుని, "కిందకి. ఇప్పుడే" అన్నాడు. చీకటి పడుతోంది, పొద్దున చూద్దాం అని వాదించాను. ఆ వాదన సగం ముద్దమాటలే అని మావాళ్లు తర్వాత చెప్పారు.

కిట్‌లోంచి మెదడు వాపు తగ్గించే డెక్సామెథాసోన్ మాత్ర ఒకటి ఇచ్చి, చెయ్యి పట్టుకుని, హెడ్‌ల్యాంపు వెలుతురులో నడిపించుకుంటూ యాక్ ఖర్కాకి దించాడు. రాళ్లు దొర్లిపడే చోట్లు మధ్యలో ఉన్నాయి, మామూలుగా అయితే ఆ వేళలో ఎవరూ అటు నడవరు. అయినా అక్కడే ఉండిపోవడం కంటే అదే మేలని అతను లెక్క వేసుకున్నాడు. మర్నాడు మనాంగ్‌కి దిగి ఎయిడ్ పోస్ట్‌లో డాక్టర్‌కి చూపించుకున్నాను. మెదడు వాపు మొదలైన సూచనలు అవి, ఆ రాత్రి పైనే పడుకుని ఉంటే పొద్దున లేచేవాడివో లేదో అన్నారు.

ఇప్పుడు మీ పరుగు సంగతి. గాలిలో ఆక్సిజన్ శాతం కింద ఉన్నా పైన ఉన్నా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. 5,500 మీటర్ల దగ్గర అది సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సగం. అంటే మీరు పీల్చే ప్రతి ఊపిరిలో అందే ఆక్సిజన్ కూడా దాదాపు సగమే. ఒళ్లు దానికి సర్దుకోవడానికి రోజులు పడుతుంది, ఎంత గట్టి కాళ్లున్నా ఆ రోజులు తగ్గవు. పైగా దమ్మున్నవాడు త్వరగా ఎక్కేస్తాడు. కాళ్లు పైకి చేరతాయి, ఒళ్లు ఇంకా కిందే ఉంటుంది.

కాబట్టి మీరు భయపడాల్సిన మొదటిది ఎత్తు జబ్బు. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి వచ్చి, దానికి తోడు వికారమో నీరసమో కళ్లు తిరగడమో ఉంటే అది ఎత్తువల్లే అనుకోండి, వేరే కారణం రుజువయ్యే దాకా. ఆ స్థితిలో ఇంకా పైకి ఎక్కకూడదు. ఉన్నచోటే ఆగితే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. తూలడం, మాట తడబడటం, అయోమయం వచ్చాయంటే మెదడుకి పాకినట్టు. అప్పుడు ఆగడం సరిపోదు, దిగాలి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం ఇంకోటి. దీని పద్ధతి వేరు, తలనొప్పి లేకుండా కూడా రావచ్చు. నిన్నటిదాకా బాగా నడిచిన మనిషి ఈరోజు అందరికంటే వెనక పడతాడు, పొడిదగ్గు పట్టుకుంటుంది, తర్వాత కూర్చుని ఉన్నా ఆయాసం. ఎత్తు చేరిన రెండో రాత్రి నుంచి ఎక్కువగా కనిపిస్తుంది. ఎత్తు జబ్బుల్లో ఎక్కువమందిని చంపేది ఇదే. రెండింటికీ మందు ఒకటే, దిగడం. ఆక్సిజన్, మాత్రలు దిగే లోపు ప్రాణం నిలబెట్టడానికి.

ఇది రాకుండా చూసుకునే లెక్క సులువు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ముందు రాత్రి కంటే 500 మీటర్లకి మించి పైకి ఉండకూడదు. మూడు నాలుగు రోజులకి ఒకసారి అదే ఎత్తులో రెండో రాత్రి ఉండాలి. పగలు ఇంకా పైకి వెళ్లి చూసి రావచ్చు, పడుకునే ఎత్తే ముఖ్యం. ఇప్పుడు జీపులు మనాంగ్ దాకా వెళ్తున్నాయి కాబట్టి, ఒకప్పుడు వారం నడిచి చేరే ఎత్తుకి రెండు రోజుల్లో చేరిపోవచ్చు. సౌకర్యమే, కానీ ఆ వారం నడకలో ఒళ్లు ఎత్తుకి అలవాటుపడే పని జరగదు.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి కూడా అడుగుతారని తెలుసు. అసలు మందు పేరు అసిటజోలమైడ్. నివారణకి మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లు, వేరే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోకూడదు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది. ఇది లక్షణాలని కప్పిపుచ్చదు, ఒంటిని త్వరగా అలవాటు చేస్తుంది. అలాగని మాత్ర వేసుకుని రోజుకి వెయ్యి మీటర్లు ఎక్కొచ్చని కాదు. నిద్ర పట్టట్లేదని నిద్రమాత్రలో, చలికి మద్యమో పుచ్చుకునే ఆలోచన మాత్రం వదిలెయ్యండి, రెండూ ఊపిరిని ఇంకా తగ్గిస్తాయి.

వేలికి తగిలించే ఆక్సిమీటర్ మీద నాకు పెద్ద గురి లేదు. చల్లబడ్డ వేలికి తప్పు అంకె చూపిస్తుంది. అంకె బాగుందని మనిషి తూలడాన్ని పట్టించుకోకపోతే ఆ పరికరం ఉండి దండగ.

రెండోది వాతావరణం. హుద్‌హుద్ తుఫాను గుర్తుందిగా? 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటింది. బలహీనపడి ఉత్తరానికి సాగిన ఆ తుఫానే రెండు రోజుల తర్వాత, 14న, అన్నపూర్ణ, ధవళగిరి ప్రాంతాల మీద మంచై కురిసింది. 40 మందికి పైగా చనిపోయారు, అందులో థోరంగ్ లా దాటుతూ దారి కనిపించక చిక్కుకున్నవాళ్లు చాలామంది. ట్రెక్కింగ్‌కి మంచి నెల అని అందరూ చెప్పే అక్టోబర్‌లోనే. అప్పటినుంచి నేను కొండ మీది ఆకాశాన్నే కాదు, బంగాళాఖాతాన్ని కూడా చూసుకుని బయల్దేరుతున్నాను. పాస్ దాటే రోజు తెల్లవారకముందే బయల్దేరమనేది కూడా అందుకే. ఎండెక్కేకొద్దీ పైన గాలి జోరు పెరుగుతుంది. 5,416 మీటర్ల పాస్ దాటాక ముక్తినాథ్ వరకు ఒకే రోజులో 1,600 మీటర్లు దిగాలి. అలసిన కాళ్లతో జారిపడేది ఎక్కేటప్పుడు కాదు, ఆ దిగుడులో.

చలి సంగతి చాలామందికి తెలిసిందే: వెయ్యి మీటర్లకి ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది, చెమటకి తడిసిన కాటన్ బట్టలు ఒంటి వేడిని లాగేస్తాయి. తక్కువమందికి తెలిసింది ఇంకోటుంది. చలిగా ఉందని మూసిన టెంటులో స్టవ్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దాని తలనొప్పి కూడా ఎత్తు తలనొప్పిలాగే ఉంటుంది, మనిషి నిద్రలోనే పోతాడు. ఎదురుగా కంచరగాడిదలు వస్తే కొండ వైపుకి ఒదిగి నిలబడండి, లోయ వైపు నిలబడితే వాటి మీది మూట తగిలినా చాలు. మంచులో నల్లకళ్లద్దాలు లేకుండా ఒక పూట నడిచినా కళ్లు మండి మూసుకుపోతాయి. నీళ్లు మరిగించో, నీటిని శుద్ధి చేసే మాత్రలు వేసో తాగండి.

ఇన్సూరెన్స్ కొనేముందు ఎన్ని మీటర్ల దాకా వర్తిస్తుందో చదవండి. చాలా పాలసీలు తక్కువ ఎత్తులోనే ఆగిపోతాయి. హెలికాప్టర్ ఖర్చు రాసి ఉందో లేదో చూసుకోండి. ఉన్నా, మబ్బు పడితే అది రాదు, మేఘం విడిచేదాకా మీ కాళ్లే దిక్కు.

రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి పాస్ దాటాను. ఆ రెండోసారి మా గుంపులో ఒక నియమం పెట్టుకున్నాం. రోజూ సాయంత్రం ఒక్కొక్కరు తన ఒంట్లో ఎలా ఉందో పైకి చెప్పాలి, తర్వాత గీత మీద పది అడుగులు వెయ్యాలి. మొదటి రోజు అందరం నవ్వుకున్నాం. 4,000 దాటాక ఒకావిడ, "తల బరువుగా ఉంది, రేపు నేను కదలను" అంది. ఎవరూ మారు మాట్లాడలేదు, అందరం ఆగాం. మర్నాటికి ఆవిడ మామూలైపోయింది.

మీరు పన్నెండు రోజులన్నారు. మనాంగ్‌లో రెండు రాత్రులు, ఆ పైన వాతావరణానికో ఒంటికో రెండు ఖాళీ రోజులు అందులో పడతాయేమో కాగితం మీద వేసి చూడండి. పట్టకపోతే పద్నాలుగు చెయ్యండి, లేదా పాస్ వదిలేసి మనాంగ్ దాకా వెళ్లి రండి. తిరుగు టికెట్ మాత్రం తేదీ మార్చుకోగలిగేది కొనండి. మాది మార్చుకునే వీల్లేని టికెట్.