స్టీరియో పెట్టించాక కారు కాలిపోతే నష్టం ఎవరు భరించాలి?

ప్రశ్న: మాది గుంటూరు. కారు కొన్న ఏడాదికి ఒక యాక్సెసరీస్ షాపులో వెయ్యి వాట్ల యాంప్లిఫయర్, సబ్‌వూఫర్ పెట్టించాను. కరెంటు చాలదని వాళ్లే పెద్ద ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు తయారుచేసే యంత్రం), రెండో బ్యాటరీ, లావు వైర్లు కూడా వేశారు. ఐదు నెలలకు బానెట్ లోపల మంటలు లేచి వైరింగ్ కాలిపోయింది. వారంటీ చెల్లదని సర్వీస్ సెంటర్ అంటోంది. మార్పుల సంగతి చెప్పలేదని బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. షాపువాళ్లు తమకు సంబంధం లేదంటున్నారు. నేను చట్టవిరుద్ధమైన పని చేశానా? ఎవరి మీద కేసు వేయాలి?

జవాబు: మీరు నేరం చేయలేదు. తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి చాలామందికి ఈ భయం పట్టుకుంది. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధించేది ఆర్‌సీలో నమోదైన వివరాలు తారుమారయ్యే మార్పులను. వాహనం మౌలిక స్వరూపాన్ని మార్చే నిర్మాణపరమైన మార్పే ఈ సెక్షన్ కిందికి వస్తుందని అందులోని వివరణే చెబుతోంది. ఆల్టర్నేటర్, స్టీరియోల వివరాలు ఆర్‌సీలో ఉండవు. పాటల మోత వీధిని ఇబ్బంది పెడితే శబ్ద కాలుష్యం కింద జరిమానా పడవచ్చు, అది వేరే విషయం.

మీ కేసు గెలిచేదీ ఓడేదీ మంట ఎక్కడ పుట్టిందన్న దాని మీదే. వెయ్యి వాట్ల యాంప్లిఫయర్ పూర్తి శక్తితో పనిచేస్తే 80, 90 ఆంపియర్ల దాకా లాగుతుంది. అందుకే బ్యాటరీ నుంచి వెళ్లే పాజిటివ్ వైరుకు, బ్యాటరీకి దగ్గరలోనే, ఆ వైరు మోయగల కరెంటుకు తగ్గ ఫ్యూజు ఉండి తీరాలి. అది లేకుండా వైరు బాడీ అంచుకు రాసుకుని పైపొర తెగితే చాలు, బ్యాటరీలోని కరెంటంతా ఆ ఒక్క చోట నుంచి దూకుతుంది. రాగి వైరని చెప్పి రాగి పూత పూసిన అల్యూమినియం వైరు వేసే షాపులూ ఉన్నాయి. అదే మందం ఉన్నా అది అంత కరెంటు మోయలేక వేడెక్కుతుంది. మీ కారులో వీటిలో ఏది జరిగినా బాధ్యత పని చేసిన షాపుదే, అది సేవాలోపం.

కాబట్టి కాలిన వైర్లు, ఫ్యూజు హోల్డర్, బ్యాటరీ టెర్మినళ్లు దయచేసి పారేయకండి. ఫోటోలు, వీడియోలు తీయకుండా కారు విప్పనివ్వకండి. బిల్లు లేకపోతే ఫోన్‌లో డబ్బు పంపిన రికార్డు, షాపువాళ్లతో వాట్సాప్ సంభాషణ పనికొస్తాయి. వాటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డులకు చెప్పిన ధ్రువపత్రం జతచేయడం మంచిది.

ఇక బీమా. ప్యాకేజీ పాలసీలో, అంటే మీ కారుకు జరిగే నష్టానికీ వర్తించే పాలసీలో, అగ్నిప్రమాదం కవరవుతుంది. విడిగా అమర్చిన ఎలక్ట్రానిక్ పరికరాల విలువ ప్రకటించి అదనపు ప్రీమియం కట్టలేదు కనుక యాంప్లిఫయర్, స్పీకర్ల డబ్బు మీకు రాదు, ఆశ వదులుకోండి. అంతమాత్రాన కారుకు జరిగిన నష్టం మొత్తాన్ని కంపెనీ ఎగ్గొట్టడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. అయితే వాహనం విషయంలో తగిన జాగ్రత్త తీసుకోలేదన్న షరతును వాళ్లు తప్పకుండా ముందుకు తెస్తారు. నష్టాన్ని అంచనా వేసిన సర్వేయర్ నివేదిక నకలు లిఖితపూర్వకంగా అడిగి తీసుకోండి. మంటకు కారణం అందులో రాయకపోతే బీమా కంపెనీతో వాదనలో మీకు మేలు.

వారంటీ దారి కష్టమైనది. కారు తయారీ కంపెనీ వేసిన వైరింగ్‌ను షాపువాళ్లు కోసి అతికించి ఉంటే దాని మీద సమయం వృథా చేయకండి.

బీమా కంపెనీలపై ఫిర్యాదులు తేల్చే బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు కానీ అక్కడ షాపును లాగలేం. బాధ్యత తప్పించుకుంటున్న బీమా కంపెనీ, షాపు ఇద్దరినీ ఒకే చోట నిలబెట్టడం ముఖ్యం కనుక, ముందు ఇద్దరికీ నోటీసు ఇచ్చి, గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి ఫిర్యాదు వేయండి. షాపు వేరే ఊళ్లో ఉన్నా మీరు నివసించే జిల్లాలో వేసుకునే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫీజు లేదు. కాలిన భాగాలను ప్రయోగశాలకు పంపమని అదే చట్టం 38వ సెక్షన్ కింద అర్జీ పెట్టండి. గడువు రెండేళ్లే. షాపు మీద ఫిర్యాదుకు ఆ గడువును మంటలు లేచిన రోజు నుంచే లెక్కపెట్టుకోండి.