అల్లుడూ, టైర్లకి డబ్బు కట్టేముందు ఇది చదువు

ఒరేయ్ అల్లుడూ, నువ్వు పంపిన ఫోటోలు చూశాన్రా. ఆ 20 ఇంచీల నల్ల అలాయ్ రిమ్ములు ఫార్చ్యూనర్‌కి బానే ఉంటాయి, కాదనను. అడ్వాన్స్ ఇచ్చావో లేదో చెప్పలేదు నువ్వు, ఇవ్వకపోతే మాత్రం ఇది చదివేదాకా ఆగు. ఫోన్‌లో చెప్తే సగమే వింటావని కూర్చుని టైప్ చేస్తున్నా.

నీ బండికి కంపెనీ ఇచ్చిన సైజు 265/60 ఆర్18 కదా. 265 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 60 అంటే ఆ వెడల్పులో 60 శాతం పక్కగోడ ఎత్తు, అంటే 159 మిల్లీమీటర్లు, 18 రిమ్ము ఇంచీలు. నువ్వు చూపించిన 265/50 ఆర్20లో ఆ గోడ 132 మిల్లీమీటర్లే. టైరు మొత్తం ఎత్తు మాత్రం రెండిటికీ ఇంచుమించు ఒకటే, దానిది 775, దీనిది 773, అందుకే షాపువాడు ఏం తేడా రాదు సార్ అంటాడు, స్పీడోమీటర్ కూడా కరెక్టుగానే చూపిస్తుంది. తేడా గోడలో ఉందిరా, ఇంచి పైన రబ్బరు పోయి ఆ చోట్లోకి అల్యూమినియం వచ్చి కూర్చుంది. రెండు టన్నులు దాటిన బండి గుంతలో పడితే మొదటి దెబ్బ కాసేది ఆ గోడే, అది తగ్గిందంటే దెబ్బ నేరుగా రిమ్ముకి.

నాకు ఇది ఎలా తెలుసో చెప్తా విను. 2013లో నా పాత ఫార్చ్యూనర్‌కి, దానికి కంపెనీవి 17 ఇంచీలు, నేను కూడా 20 వేయించా. ఆరు నెలలు అందరూ తిరిగి తిరిగి చూశారు, నాకూ సంతోషంగానే ఉండేది. తర్వాత భద్రాచలం వెళ్తూ మారేడుమిల్లి దాటాక ఘాట్‌లో రాత్రిపూట ఎడమవైపు ఒక గుంత, ముందు చక్రం దిగింది, వెనక చక్రం కూడా అందులోనే దిగింది, రెండు టైర్ల గోడలూ రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి కోసుకుపోయాయి. స్టెప్నీ ఒక్కటే. సిగ్నల్ లేదు, బండిలో మీ అత్తయ్య, వెనక సీట్లో మీ అమ్మ. చింతూరు వైపు వెళ్లే లారీ ఆయన ఒకరు ఆగి, కోసుకుపోయిన రెండిట్లో ఒక చక్రాన్ని నాతో పాటు ఎక్కించుకుని తీసుకెళ్లాడు, వాళ్లిద్దరూ తెల్లారేదాకా అడవిలో బండిలోనే కూర్చున్నారు. ఆ రాత్రి గుర్తొస్తే ఇప్పటికీ గుండెల్లో రాయి పడ్డట్టే ఉంటుంది. అదే గుంతలో మామూలు 17 దిగుంటే దడ్ మని చప్పుడు వచ్చి వెళ్లిపోయేవాళ్లం.

కాబట్టి అలాయ్ మార్చాలనే ఉంటే 18లోనే మార్చు, లేదా 17కి దిగు, 265/65 ఆర్17 వేసినా ఎత్తు 776, గోడ 172 వస్తుంది. అలాయ్ డబ్బు మిగిలితే టైర్ల మీద పెట్టు.

ఇక అలాయ్ కొంటే చూసుకోవాల్సినవి. బోల్టు కొలత 6 బై 139.7, అంటే ఆరు బోల్టులు, 139.7 మిల్లీమీటర్ల వలయం మీద, అది అందరూ చూస్తారు. మధ్య రంధ్రం 106.1 మిల్లీమీటర్లు, అది చాలామంది చూడరు. బయటి అలాయ్‌లు చాలావాటికి రంధ్రం ఇంకా పెద్దది ఉంటుంది, రింగు వేసి సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టకపోతే ఎనభై తొంభైలో స్టీరింగ్ వణుకుతుంది, నువ్వేమో బ్యాలెన్సింగ్ చేయించుకుంటూ తిరుగుతావు. ఆఫ్‌సెట్, అంటే బోల్టులు బిగించే చోటు రిమ్ము నడిమధ్య నుంచి ఎంత పక్కకి ఉందో ఆ కొలత, కంపెనీది ప్లస్ 30 మిల్లీమీటర్లు. సున్నాకో మైనస్‌కో పోయావంటే చక్రం బయటికి పొడుచుకొస్తుంది, స్టైల్ అంటారు, కానీ వీల్ బేరింగుల మీద భారం పెరుగుతుంది, గుంత గుంతకీ స్టీరింగ్ చేతిలోంచి లాగుతుంది, చెరువు బురదంతా డోర్ల మీదికే. చక్రం బయటికి రావడానికి మధ్యలో పెట్టే స్పేసర్ బిళ్లలు అసలొద్దు. నట్లు కూడా, కంపెనీ అలాయ్‌కి వాషర్ ఉన్న ఫ్లాట్ నట్లు, బయటివాటికి ఎక్కువగా కోన్ నట్లు, పాతవే బిగించేస్తే అది బిగింపు కాదు. బిగించాక వంద కిలోమీటర్లు తిరిగి మళ్లీ ఒకసారి బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో చూపించు.

టైరు రకం దగ్గరికి వద్దాం, నువ్వు ఎంటీ, అంటే బురద కోసం చేసిన మడ్ టెర్రైన్ టైరు అడుగుతున్నావు. నీ తిరుగుడు నాకు తెలుసు కదరా, కైకలూరు నుంచి భీమవరం, విజయవాడ, నెలకోసారి హైదరాబాద్, పదింట తొమ్మిదొంతులు తారు రోడ్డే, మిగిలిందే చెరువు గట్లు. ఎంటీ టైరు బురదలో బాగా లాగుతుంది, గాళ్లు పెద్దవి కాబట్టి బురద విసిరేసి మళ్లీ పట్టు దొరికించుకుంటుంది, నిజమే. కానీ హైవే మీద మోత, మైలేజ్ తగ్గుతుంది, వానలో తారు మీద బ్రేకు కొడితే మామూలు టైరంత తొందరగా ఆగదు. రోజూ చేసే పనికి టైరు కొనుక్కోవాలి గానీ ఏడాదికి పది రోజులు చేసే పనికి కాదు. నీకు ఏటీ, అంటే అన్ని దారులకీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ చాలు, అందులోనూ మరీ మొరటు కాకుండా తారుకి దగ్గరగా ఉండేది తీసుకో. అపోలో ఆప్టెర్రా, యోకోహామా జియోలాండర్, ఎంఆర్ఎఫ్ వాండరర్ లాంటివాటిలో నీ సైజులో ఏవి దొరుకుతాయో అడుగు. ఇంకో మాట, వాన పడ్డ నల్లరేగడి గట్టు మీద ఏ టైరూ నమ్మకం కాదు, పక్కకి జారితే నేరుగా చెరువులోకే, అలాంటి రోజు బండి రోడ్డు మీదే పెట్టి బైకు మీద వెళ్లు, లేదా నడిచి వెళ్లు.

లోడ్ ఇండెక్స్ 110కి తగ్గొద్దు, 110 అంటే ఒక్కో టైరు 1060 కిలోలు మోస్తుందని. చవగ్గా వస్తోందని తక్కువ నంబరు అంటగడతారు, మేత బస్తాలు వేసేది నువ్వు, మోసేది టైరు. ఇంకా పెద్దది 285/60 అంటావేమో, ఎత్తు మూడు శాతం పెరుగుతుంది, మీటర్ వంద చూపిస్తే నువ్వు నూటమూడులో ఉంటావు, తిప్పినప్పుడు లోపల రాసుకుంటుందేమో కూడా చూడాలి. పైగా కంపెనీ స్పెక్‌కి తేడాగా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, రేపు ఏదన్నా అయితే ఇన్సూరెన్స్ వాళ్లతో ఆ తలనొప్పెందుకు.

కొనేటప్పుడు టైరు గోడ మీద డాట్ అని ఉన్నచోట చివరి నాలుగు అంకెలు చూడు, 2325 అంటే 2025లో 23వ వారం తయారైంది. ఏడాది దాటింది ఎంత తగ్గించినా వద్దు. నీ పాత టైర్లు కూడా చూడు, పైన రబ్బరు బటన్లు అరగలేదు కదా అనుకోకు, ఆరేడేళ్లవైతే గోడలో సన్నటి పగుళ్లు ఉంటాయి.

నాలుగూ ఒకేసారి, ఒకటే కంపెనీ, ఒకటే రకం మార్చు. రెండు ఇప్పుడు రెండు తర్వాత అంటావు, నీది పార్ట్‌టైమ్ ఫోర్ బై ఫోర్, అంటే అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకీ లాగుడు వేసుకునేది, ముందుకీ వెనక్కీ మధ్యలో వేగం తేడా సర్దే డిఫరెన్షియల్ లేదు, అరిగినవీ కొత్తవీ కలిపి ఫోర్‌వీల్ వేస్తే లోపల గేర్లు ఒకదాన్నొకటి పీక్కుంటాయి. ఎండు తారు మీద ఎలాగూ ఫోర్‌హెచ్, అదే ఫోర్‌వీల్ హై, వెయ్యకు.

గాలి విషయం, మీ నాన్నకి కూడా చెప్పు. ఎండాకాలం గాలి తగ్గించి కొట్టించాలని అందరూ అంటారు, అది తప్పు. గాలి తగ్గితే గోడ ఎక్కువ వంగుతుంది, వంగిన కొద్దీ వేడెక్కుతుంది, మే నెలలో లోడుతో హైవే మీద పేలేది ఇలాంటివే. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఎంత ఉంటే అంత, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకో. ఎల్‌టీ, అంటే లైట్ ట్రక్ అని రాసున్న టైరు వేస్తే మాత్రం అదే బరువుకి ఇంకాస్త ఎక్కువ గాలి కావాలి, షాపులో టేబుల్ చూపించమను.

ఆదివారం బండి ఇటు తీసుకురా, నేనూ షాపుకి వస్తా. వచ్చేముందు కింద ఉన్న స్టెప్నీ ఒకసారి దింపించు, మీ దగ్గర ఉప్పునీళ్లకి ఆ గొలుసు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది, దాని గోడ మీద నాలుగంకెలు కూడా ఫోటో తీసి పంపు.