గొల్లపిల్లకు పట్టుబట్టలెందుకు?

ప్రశ్న: ఫ్రెంచి చిత్రకారుడు ఫ్రాన్స్వా బూషే 1747లో వేసిన ‘వాళ్ల ధ్యాస ద్రాక్ష మీదేనా?’ చిత్రం అచ్చుప్రతి చూశాను. గొర్రెలు కాసే పిల్ల పట్టుబట్టల్లో ఉంది, చెట్ల ఆకులేమో నీలంగా ఉన్నాయి. ఇది పల్లె జీవితమేనా? దీన్ని ఎలా చూడాలండి?

జవాబు: పల్లె బతుకు కోసం వెతికితే ఇందులో ఏదీ పొసగదండి. ఇది రంగస్థలం మీంచి వచ్చిన దృశ్యం. 1745లో పారిస్‌లోని సెయింట్ లారెంట్ తిరునాళ్లలో నాటకకర్త షార్ల్ సిమోన్ ఫవార్ ఒక మూకాభినయం ఆడించాడు. అందులో గొల్లపిల్లవాడూ, లిజెత్ అనే అమ్మాయీ ద్రాక్షపళ్లు తినిపించుకుంటారు. బూషే ఎత్తుకున్నది ఆ ఘట్టాన్నే. ఆ ఏడాది ఆపెరా కోమిక్ అనే పాటల నాటకశాలను మూయించడంతో మాటల్లేని ఆటకే అనుమతి దక్కింది. కథంతా చేతులూ చూపులే చెప్పాలి.

అందుకే మీరూ చేతుల దగ్గరే మొదలుపెట్టండి. గుత్తి ఎవరి చేతిలో ఉంది? పండు ఎవరి నోటి దాకా వెళ్తోంది? కళ్లు పండు మీదున్నాయా, మనిషి మీదున్నాయా? ఈ వరుసలో చూస్తే చిత్రం పేరులోని ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది. ఆ తర్వాత గొర్రెలు, మేకలు. చెట్లు ఆఖరున చూడండి, వాటి పని వెనక తెర పనే. పట్టుబట్టలూ ఆట వేషంలో భాగమే.

చాలామంది తడబడేది సంకేతాల దగ్గర. బూషే చిత్రాల్లో పంజరం, పూలబుట్ట, పిల్లనగ్రోవి తరచూ వస్తాయి. అవి ప్రేమను సూచించేవే, కానీ ఒక్కోదానికీ ఒక్కో అర్థం రాసుకుంటూ పోతే మనుషులు కనిపించరు. ఉదాహరణకు, అతనిదే పిల్లనగ్రోవి నేర్పే మరో చిత్రంలో చూడాల్సింది, ఆ నెపంతో రెండు తలలూ ఎంత దగ్గరికొచ్చాయన్నది.

ఇక నీలం సంగతి. నీలిపచ్చ బూషేకి ఇష్టమైన ఛాయ. దానికితోడు, ఆ కాలంలో ఆకుపచ్చ కోసం ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలిరంగులో మొక్కల నుంచి తీసిన పసుపు కలిపేవారు. ఏళ్ల తరబడి వెలుతురు తగిలితే ఆ పసుపు వెలిసిపోయి నీలమే మిగులుతుంది. ఏది ఎంతన్నది అచ్చుప్రతి చూసి తేల్చకండి, అచ్చులో రంగులు ఇంకా మారతాయి. మూలచిత్రం చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది, వాళ్ల వెబ్‌సైట్‌లో పెద్ద ప్రతి దొరుకుతుంది.

ఫ్రెంచి రచయిత, కళావిమర్శకుడు దిదెరో 1761లో బూషే రంగుల్ని మెచ్చుకుంటూనే, ఇతని దగ్గర సత్యం తప్ప అన్నీ ఉన్నాయన్నాడు. గొర్రెల కాపరుల బతుకు విషయంలో ఆ మాట న్యాయమే. ఆ జంట మధ్య నడిచే ఆత్రం విషయంలో మాత్రం నేనొప్పుకోను. అదే ఘట్టాన్ని బూషే 1749లో రెండు మీటర్లకు పైగా ఎత్తున్న కాన్వాసుపై మళ్లీ వేశాడు, అది లండన్‌లోని వాలెస్ కలెక్షన్‌లో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని, ముందు చేతులు చూడండి.