వంటగట్టు కింద సొరుగులు: ఎన్ని వేయించాలి, ఎంత ఎత్తు ఉండాలి?

ఇంటి నిర్మాణం, అమరికల మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో వంటగది సొరుగులకు సంబంధించిన వాటిని ఈసారి ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మేము హనుమకొండలో పదేళ్ల కిందట కట్టిన ఇంట్లో ఉంటున్నాము. వంటగట్టు కింద తలుపుల అరలు ఉన్నాయి. వెనకాల ఉన్న గిన్నె కావాలంటే ముందున్నవన్నీ తీయవలసి వస్తోందని, వాటి స్థానంలో సొరుగులు పెట్టించాలనుకుంటున్నాము. మూడు సొరుగులూ ఒకే ఎత్తులో ఉంటే చూడడానికి బాగుంటుందని వడ్రంగి అంటున్నాడు. ఒకటి చిన్నది, రెండు పెద్దవి వేసుకోమని దుకాణంలో చెప్పారు. గట్టు మీది బండ నేల నుంచి 33 అంగుళాల ఎత్తులో ఉంది. అడుగున 4 అంగుళాల దిమ్మె ఉంది. గోడల మధ్య ఖాళీ ఒకచోట 35, మరోచోట 24 అంగుళాలు. ఇంట్లో అయిదుగురం. ఎవరి మాట వినాలి?
— ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: ఈ లెక్కను మీ గిన్నెల దగ్గర మొదలుపెట్టండి. ఇప్పుడు గట్టు కింద ఉన్న సామానంతా బయటికి తీసి, ఎత్తును బట్టి మూడు కుప్పలుగా వేరు చేయండి. గంటెలు, చెంచాలు, చాకులు, అట్లకాడ, పోపుల డబ్బా వంటివి సాధారణంగా 3 అంగుళాలకు మించవు. గ్లాసులు, కప్పులు, కూర గిన్నెలు, చిన్న డబ్బాలు 4 నుంచి 6 అంగుళాల దాకా ఉంటాయి. అన్నం గంజు, కుక్కరు, పప్పుల డబ్బాలు 7 అంగుళాలు దాటుతాయి. గంజును మూతతో కలిపి, కుక్కరును అడుగు నుంచి విజిల్ కొస దాకా కొలవాలి. గిన్నె అంచు వరకే కొలిచి సొరుగు చేయిస్తే, తీరా మూత పెట్టిన గంజు పై సొరుగు అడుగుకు తగిలి లోపలికి పోదు.

ఇక మీ గట్టు కొలతలు చూద్దాం. అలాంటి ఇళ్లలో గట్టును సాధారణంగా సిమెంటు స్లాబు మీద గ్రానైటు బండ పరిచి కడతారు. ఆ రెండింటి మందం సుమారు 4 అంగుళాలు అనుకుంటే, అదీ, అడుగు దిమ్మె 4 అంగుళాలూ పోగా 25 అంగుళాలు మిగులుతాయి. లోపల బిగించే ప్లైవుడ్ చట్రం పైనా కిందా కలిపి మరో అంగుళంన్నర తీసుకుంటుంది కనుక సొరుగులకు దక్కేది ఇరవై మూడున్నర అంగుళాలు. ప్రతి సొరుగులోనూ అడుగు చెక్కకు, చానెల్ (సొరుగు ముందుకూ వెనక్కూ జరిగే లోహపు పట్టీల జత) అమరికకు, పైన వదిలే సందుకు కలిపి ఇంకో అంగుళంన్నర దాకా పోతుంది.

వడ్రంగి చెప్పినట్లు దీన్ని మూడు సమభాగాలు చేస్తే ఒక్కో సొరుగు ముఖం 7.8 అంగుళాలు, లోపల సామానుకు దొరికే ఎత్తు 6.3 అంగుళాలు. పై సొరుగులో గంటెలూ చెంచాలూ అడుగున పడి ఉంటాయి, వాటి మీద సగం సొరుగు ఖాళీగా ఉంటుంది. కింది సొరుగులో మాత్రం 8 అంగుళాల గంజు పట్టదు. మూడు గీతలు సమానంగా కనిపించడం కోసం వంట చేసే మనిషి రోజూ ఈ ఇబ్బంది పడవలసిన అవసరం లేదు. అదే ఎత్తును పైనుంచి 5, 8, పదిన్నర అంగుళాలుగా విభజిస్తే లోపల వరుసగా మూడున్నర, ఆరున్నర, 9 అంగుళాలు దొరుకుతాయి. మీరు వేరు చేసిన మూడు కుప్పలూ మూడు సొరుగుల్లో సరిగ్గా కుదురుకుంటాయి. కనుక 35 అంగుళాల ఖాళీలో దుకాణంవారి సలహాకు దగ్గరగా ఉండే ఈ అమరికనే వేయించండి.

24 అంగుళాల ఖాళీలో మూడు సొరుగులు వద్దని నా సలహా. అక్కడ పైన 10, కింద పదమూడున్నర అంగుళాల సొరుగులు రెండే వేయిస్తే, పైదానిలో ఎనిమిదిన్నర, కిందిదానిలో 12 అంగుళాల ఎత్తు దొరుకుతుంది. 11 అంగుళాల కంచాలను నిలువుగా పెట్టుకునే పళ్లేల బాస్కెట్ ఈ కింది సొరుగులోనే పడుతుంది. నిలబెట్టిన కంచాలు త్వరగా ఆరుతాయి, పైది తీయకుండానే వెనకది అందుతుంది. కంచాలను ఒకదాని మీద ఒకటి పేర్చుకునే అలవాటు మీదైతే ఆ చోటును పప్పుల డబ్బాలకు ఇవ్వండి.

వెడల్పు విషయంలో ఇంకో ఆలోచన మీకు ఎదురవుతుంది. 35 అంగుళాల ఖాళీని మధ్యలో చెక్క పెట్టి రెండు వరుసలుగా చీలుద్దామని ఎవరైనా అనవచ్చు. సొరుగుకు రెండు పక్కలా వచ్చే టెలిస్కోపిక్ చానెల్‌కు ఒక్కో వైపు అర అంగుళం, అంటే జతకు 26 మి.మీ. వదలాలి. చట్రం చెక్కలు రెండూ కలిపి 36 మి.మీ., సొరుగు పక్క చెక్కలు రెండూ 24 మి.మీ. అనుకుంటే, 35 అంగుళాల ఖాళీలో ఒకే సొరుగుకు లోపల సుమారు 31 అంగుళాలన్నర వెడల్పు దొరుకుతుంది. రెండుగా చీలిస్తే మధ్య చెక్కకు, అదనపు చానెళ్లకు, పక్క చెక్కలకు మరో రెండున్నర అంగుళాలకు పైగా పోతుంది, ప్రతి అంతస్తుకూ ఒక చానెల్ జత ఎక్కువ కొనాలి. ఖర్చులో పెద్ద భాగం చానెళ్లదే కనుక వెడల్పైన సొరుగులు తక్కువ సంఖ్యలో వేయించుకోవడమే లాభం.

అయితే వెడల్పైన సొరుగు బరువును మోయగలగాలి. 5 కిలోల పప్పుల డబ్బాలు ఆరు పెడితే పప్పే 30 కిలోలు, డబ్బాల బరువు వేరు. అడుగు చెక్క 6 మి.మీ.ది వేస్తే కొద్ది నెలల్లోనే మధ్యలో కుంగి కింది సొరుగును రాస్తుంది. ఈ వెడల్పుకు 12 మి.మీ. ప్లైవుడ్ వేయమని ముందే చెప్పండి. టెలిస్కోపిక్ చానెళ్లు 35, 45 కిలోల సామర్థ్యంతో దొరుకుతాయి. అంకె జత మొత్తానికి వర్తిస్తుందే తప్ప ఒక్కో పట్టీకి కాదు. కింది సొరుగుకు 45 కిలోలది తీసుకోండి.

కొలిచే పద్ధతి గురించి ఒక మాట. ఇటుక గోడల మధ్య ఖాళీ ముందు ఒకలా, వెనక ఒకలా ఉంటుంది. ముందూ మధ్యా వెనకా, పైనా కిందా కొలిచి, అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకెను పట్టుకునే చట్రం చేయించాలి. సొరుగు ముఖం బండ అంచుకు అంగుళం వెనకగా ఉండేలా చూసుకోండి. గట్టు కడిగిన నీళ్లు చెక్క మీదుగా కారకుండా నేల మీద పడతాయి.

ప్రశ్న: పొయ్యి కిందా సింకు కిందా కూడా సొరుగులే ఉంటే గట్టంతా ఒకేలా ఉంటుందని మా అబ్బాయి అంటున్నాడు. సిలిండరు ఇప్పుడు పొయ్యి కిందే ఉంది. అలా చేయించవచ్చునా?
— విశ్రాంత ఉద్యోగి, కరీంనగర్

జవాబు: సింకు కింద వద్దు. అక్కడ పైపు, దాని వంపు ఉంటాయి. వాటిని తప్పిస్తూ మధ్యలో కోత పెట్టి సొరుగు చేయవచ్చు గాని, ఏదో ఒకనాడు కీలు దగ్గర నీరు కారినప్పుడు అది సొరుగు వెనక కారుతూ ఉంటుంది, చెక్క ఉబ్బే దాకా మీకు తెలియదు. తలుపు ఉంటే తీసి చూడగానే తెలుస్తుంది.

సిలిండరు విషయంలో ఇంకా గట్టిగా చెబుతున్నాను. 14.2 కిలోల గ్యాసుతో నిండిన ఇంటి సిలిండరు మొత్తం బరువు సుమారు 30 కిలోలు. దాన్ని సొరుగులో గాని, జరిపే పలక మీద గాని పెట్టి లాగే ఏర్పాటు చేయించవద్దు. వంటగ్యాసు గాలికన్నా బరువైనది కనుక, కారితే నేల మట్టంలో పేరుకుంటుంది. సిలిండరు ఉన్న అరకు తలుపు పెట్టినా దాని అడుగు భాగంలో గాలి ఆడే రంధ్రాలు తప్పనిసరి. సిలిండరు ఎప్పుడూ నిలువుగానే ఉండాలి, పొయ్యి దానికన్నా ఎత్తులో ఉండాలి. రబ్బరు గొట్టం ఏ సొరుగు కదిలే దారిలోనూ ఉండకూడదు. తీస్తూ వేస్తూ ఉంటే చెక్క అంచు రోజూ దాన్ని ఒరుసుకుంటుంది, ఆ ఒరిపిడి కంటికి కనిపించే చోట ఉండదు. సిలిండరును పక్క అరకు మార్చగలిగితే, గట్టు మీద పెట్టుకునే మామూలు పొయ్యి కింద నిశ్చింతగా సొరుగులు వేయించుకోవచ్చు. బండను కోసి దించే పొయ్యి అయితే దాని అడుగు భాగం కిందికి వస్తుంది కనుక, పై సొరుగు స్థానంలో ఉత్త పలకను బిగించి మిగతా ఎత్తునే వాడుకోవాలి.

ప్రశ్న: మా ఇంట్లో అయిదేళ్ల కిందట వేయించిన స్టీలు తీగల బాస్కెట్లు అతుకుల దగ్గర తుప్పు పట్టాయి. అమ్మినవారు అయస్కాంతం అంటుకోలేదు కనుక మంచి స్టీలే అని అప్పట్లో చూపించారు. ఈసారి చెక్క సొరుగులు వేయించాలా? మాది వానాకాలంలో నీళ్లు వచ్చే వాడ.
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అయస్కాంతం పరీక్షను నమ్మవద్దు. బాస్కెట్లకు వాడే 304 రకం స్టీలుకూ, అంతకన్నా చవకైన 202 రకానికీ మామూలుగా అయస్కాంతం అంటుకోదు. తేడా లోపలి నికెల్‌లో ఉంటుంది. 304లో సుమారు 8 శాతం నికెల్, 18 శాతం క్రోమియం ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు కనుక ఉప్పుకూ తేమకూ అది తొందరగా లొంగుతుంది. బిల్లు మీద 304 అని రాయించుకోవడమే మీకు మిగిలే ఆధారం. ఏ రకమైనా సరే, ఉప్పు డబ్బా, చింతపండు డబ్బా తీగల మీద నేరుగా పెట్టకుండా కింద పళ్లెం ఉంచండి.

తడి గిన్నెలకూ కంచాలకూ తీగల బాస్కెట్ మంచిది. గంటెలు, చిన్న డబ్బాలు తీగల సందుల్లో ఒరిగిపోతాయి కనుక వాటికి చెక్క సొరుగే మేలు. మొత్తం ఒకే రకం వేయించాలన్న నియమం ఏదీ లేదు. చెక్కకు ఐఎస్ 710 (భారతీయ ప్రమాణం) గుర్తు ఉన్న, నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ అడగండి. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు మీ వాడకు ఎంతమాత్రం పనికిరాదు, ఒక్కసారి నీళ్లలో నానితే ఉబ్బి మళ్లీ మామూలు కాదు. 2023 జూలై వానలకు వరంగల్, హనుమకొండల్లో లోతట్టు కాలనీల ఇళ్లలోకి నీళ్లు రావడం మీరు చూసే ఉంటారు. అడుగు దిమ్మెను 4 అంగుళాల బదులు 6 అంగుళాలు చేయించి, దానికి చెక్కకు బదులు బండ ముక్కలే వాడితే కొంత కాపు దొరుకుతుంది. పోయే ఎత్తును కింది సొరుగు నుంచి తీసుకోవచ్చు.

టెలిస్కోపిక్ చానెళ్లలో సొరుగును పూర్తిగా బయటికి తీసే ఏర్పాటు ఉంటుంది. సొరుగును చివరిదాకా లాగి రెండు పక్కలా చూస్తే చానెల్ లోపల నల్లటి చిన్న ప్లాస్టిక్ మీటలు కనిపిస్తాయి. సాధారణంగా ఒకవైపు మీటను పైకి, రెండో వైపు మీటను కిందికి ఒకేసారి నొక్కి ముందుకు లాగితే సొరుగు చేతిలోకి వస్తుంది. పని అప్పగించుకునేటప్పుడే వడ్రంగి ముందు మీరు ఒకసారి తీసి పెట్టి చూడండి. నీళ్లు వచ్చే సూచన కనబడినప్పుడు అడుగు సొరుగులను సామానుతో సహా పైకి చేర్చవచ్చు.

ప్రశ్న: మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. వంగలేరు, అయినా వంట తానే చేస్తానంటారు. ఆమెకు అనువుగా సొరుగులు ఎలా వేయించాలి? ఏడాదికి సరిపడా కారం, మామిడి తొక్కు జాడీలు, బియ్యం కూడా సొరుగుల్లోనే పెట్టవచ్చా?
— ఒక కోడలు, జగిత్యాల

జవాబు: బరువైనవి అడుగున పెట్టాలన్నది అందరూ చెప్పే నియమం. మీ ఇంట్లో దాన్ని కొంచెం సడలించండి. అత్తమ్మ రోజూ వాడే అన్నం గంజు, కూర గిన్నెలు, కుక్కరు రెండో సొరుగులోకి రావాలి. అందుకోసం రెండో సొరుగుకే ఎక్కువ ఎత్తు ఇచ్చి, కిందిదాన్ని తగ్గించండి. సంక్రాంతికి సకినాలు కాల్చే పెద్ద మూకుడు, చుట్టాలు వచ్చినప్పుడు దించే గంజులు అడుగు సొరుగులో ఉంటే అవి తీసే పని మీరు చూసుకోవచ్చు. చానెల్ పూర్తిగా బయటికి వచ్చే రకమే తీసుకోండి. ముప్పావు వంతే తెరుచుకునే రకమైతే వెనక గిన్నె కోసం ఆమె వంగి చెయ్యి చాపక తప్పదు. పిడి గుండ్రటి గుబ్బ కాకుండా నాలుగు వేళ్లు దూరే పొడవాటిది పెట్టించండి. నొక్కితే తెరుచుకునే సొరుగులు ఆమెకు వద్దు. పొరపాటున మోకాలు తగిలినా తెరుచుకుంటాయి.

తొక్కు జాడీలను సొరుగులో పెట్టవద్దు. ప్రతిసారీ లాగి తోసినప్పుడు నూనె అంచు దాకా కదులుతుంది, జాడీలు ఒకదానికొకటి తగిలి పెచ్చులూడతాయి. ఏడాది కారం కూడా పొయ్యి వేడి తగలని చల్లటి గోడ అలమారలో, గాలి చొరబడని డబ్బాల్లో ఉండాలి. నెలకు సరిపడా చిన్న డబ్బాలోకి తీసుకుని దాన్నే సొరుగులో ఉంచండి. బియ్యం 25 కిలోల సంచి అయితే సొరుగు ఆలోచనే మానుకుని, చక్రాలున్న పీట మీద డ్రమ్ము పెట్టి గట్టు కింద ఒక ఖాళీలోకి తోసేలా చేయండి.

ప్రశ్న: ఎల్ ఆకారపు గట్టుకు మూల దాకా సొరుగులు వేయించవచ్చా?
— ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: మూలకు ఆనించి వద్దు. రెండు వైపుల సొరుగులూ ఒకదాని దారికి ఒకటి అడ్డం వస్తాయి, ఒకదాని పిడి రెండోదాని ముఖానికి తగిలి గీతలు పడతాయి. మూల నుంచి రెండు వైపులా 2 నుంచి 3 అంగుళాల పట్టీని కదలకుండా బిగించి, ఆ తర్వాతే మొదటి సొరుగు మొదలుపెట్టాలి. పిడి ఎంత ముందుకు పొడుచుకు వస్తుందో పట్టీ అంతకన్నా వెడల్పు ఉండాలి కనుక, పిడులు ముందే కొని వడ్రంగి చేతికివ్వండి. సొరుగు 20 అంగుళాలు బయటికి వచ్చాక కూడా మనిషి నిలబడాలంటే గట్టు ముందు కనీసం మూడున్నర అడుగుల ఖాళీ ఉండాలి, ఎదురుగా ఫ్రిజ్ ఉంటే దాని తలుపు తెరుచుకునే దూరాన్ని కూడా అందులో లెక్కించుకోండి.